కంపెనీ పోయింది, నాటకం మిగిలింది

మొన్న లంచ్‌లో మా టీములో ఓ వాదన నడిచింది. రోలింగ్ స్టోన్స్ 1962లో మొదలైన బ్యాండు. 2005లో 'ఎ బిగ్గర్ బ్యాంగ్' వచ్చాక, సొంత కొత్త పాటలతో మళ్ళీ ఆల్బమ్ తెచ్చింది 2023లో. అంటే 18 ఏళ్ళు! ఆ మధ్యలో ఊళ్ళు తిరిగారు, స్టేడియాలు నిండాయి. జనం అడిగేది మాత్రం 1965 నాటి 'శాటిస్‌ఫాక్షన్'. "వీళ్ళది మెయింటెనెన్స్ ప్రాజెక్టురా, డెవలప్‌మెంట్ ఎప్పుడో ఆగిపోయింది" అన్నాడు మావాడొకడు. అందరం నవ్వాం. నాకు మాత్రం ఎందుకో మా రాజమండ్రి గుర్తొచ్చింది.

రాక్ బ్యాండుకీ రాజమండ్రికీ ఏంటి సంబంధం అంటారా? వస్తున్నా.

1880లో ధార్వాడ నాటక కంపెనీ ఒకటి రాజమండ్రి వచ్చి ఆడి వెళ్ళింది. వాళ్ళు వదిలేసిన పాకలోనే వీరేశలింగం పంతులు గారు తన విద్యార్థులతో తెలుగు నాటకాలు ఆడించారు. ఆ గాలి ఊరికి బాగా తగిలింది. తర్వాత ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అని ఒంగోలు నుంచి వచ్చిన మాస్టారు అక్కడ నాటక కంపెనీ నడిపారు. ఆయన వెంట ఒంగోలు నుంచి వచ్చిన శిష్యుడే టంగుటూరి ప్రకాశం. అవును, ఆ ప్రకాశం పంతులే. తుపాకీకి గుండె చూపించిన మనిషి కుర్రతనంలో ఆడవేషాలు కూడా వేశాడు.

ఆ కంపెనీ కోసం నాటకాలు రాసింది చిలకమర్తి లక్ష్మీనరసింహం. 1889లో కీచక వధ, తర్వాత ఒకటీ రెండేళ్ళలోనే గయోపాఖ్యానం. ఒక ఊళ్ళో ఒక కంపెనీ, వాళ్ళ కళ్ళముందే కూర్చుని రాసే రచయిత, వరసగా కొత్త నాటకాలు! మన భాషలో చెప్పాలంటే స్టార్టప్పు. మరి అదేమైంది? ప్రకాశం ప్లీడరయ్యాడు, 1904లో రాజమండ్రి మునిసిపల్ ఛైర్మనయ్యాడు, తర్వాత ఇంగ్లాండు వెళ్ళి బారిస్టరయ్యాడు. కంపెనీ చరిత్రలో కలిసిపోయింది. గయోపాఖ్యానం మాత్రం అచ్చులో లక్ష ప్రతులు దాటింది, ఊరూరా ఆడారు. 1963లో అదే కథతో 'శ్రీకృష్ణార్జున యుద్ధం' సినిమా కూడా వచ్చింది.

ఇప్పుడు రెండోది చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళిలో వనారస గోవిందరావు గారు నాటకం ఆడించారు. ఏ నాటకమో తెలుసా? అదీ కీచక వధే! అలా మొదలైన సురభి ఈనాటికీ ఉంది. ఒకే కుటుంబం చీలికలై ఎన్నో కంపెనీలుగా పెరిగింది, మళ్ళీ తరిగి నాలుగైదుకి వచ్చింది. కానీ ఆగలేదు.

సురభి వాళ్ళు కొత్తగా ఏమీ చెయ్యలేదనడం అన్యాయం. మిగతా చోట్ల మగవాళ్ళు చీర కట్టుకుంటున్న రోజుల్లో వీళ్ళ స్టేజీ మీద ఆడవేషాలు ఆడవాళ్ళే వేశారు. మేఘం మీద నారదుడు దిగడం, గాల్లో బాణాలు ఢీకొనడం, చూస్తుండగానే అడవి కాస్తా అంతఃపురం అయిపోవడం... ఆ ట్రిక్కులన్నీ చేతిపనే. 1932లో మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' తీసినప్పుడు లీలావతి వేషానికి సురభి కమలాబాయే దొరికింది. కానీ నాటకాలు? మాయాబజార్, పాతాళభైరవి, శ్రీకృష్ణలీలలు. మా తాతయ్య చూసినవే నేనూ చూశాను. 1990ల్లో బి.వి.కారంత్ వచ్చి వాళ్ళతో 'భీష్మ', బ్రెహ్ట్ నాటకం ఆధారంగా 'బస్తీ దేవత యాదమ్మ' చేయించారు. మంచి పేరొచ్చింది. అయినా ఇవాళ సురభి అనగానే మీ నోటికొచ్చే పేరు మాయాబజారే కదా?

తేడా ఎక్కడుందో నాకు తోచింది చెప్తాను. నాయుడు గారి వేదిక ఎక్కిన వాళ్ళలో చదువుకునే కుర్రాళ్ళున్నారు. కొత్త నాటకం తన్నేసినా పొద్దున్న బడికి పోవచ్చు. అందుకే ధైర్యం చేశారు, అందుకే ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు కూడా. సురభిలో పిల్లలు పుట్టేదే డేరాలో, నడక రాగానే బాలకృష్ణుడి వేషం. ఆ రాత్రి టిక్కెట్లు తెగితేనే పొయ్యి వెలిగేది. అలాంటి ఇంటిని "మాయాబజార్ మానేసి ప్రయోగాలు చెయ్యండి" అనడానికి మనకి నోరెలా వస్తుంది? బీటిల్స్ 1966లో టూర్లు మానేసి స్టూడియోలో కూర్చుని మరుసటేడు 'సార్జెంట్ పెప్పర్' చేశారంటే, అప్పటికే వాళ్ళ ఇంట్లో బియ్యానికి లోటు లేదు. పైగా అలా తెగించిన బ్యాండు 1970కల్లా విడిపోయింది.

ఆ లంచ్ వాదనలో నేను పెద్దగా మాట్లాడలేదు. నేను పనిచేసేది పన్నెండేళ్ళ నాటి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మీద. కస్టమర్లున్నారు, జీతం వస్తోంది, కొత్తగా రాసింది తక్కువ. కిందటి వారం ఒక చిన్న ప్రోడక్ట్ టీములోకి రమ్మన్నారు. అది ఏడాదైనా నిలుస్తుందో లేదో. ఇంటి లోను ఇంకా 17 ఏళ్ళుంది.

హైదరాబాదులో ఉండేవాళ్ళకి తెలిసే ఉంటుంది, సురభి కాలనీ లింగంపల్లి స్టేషనుకి దగ్గరే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను రాజమండ్రికి గౌతమి ఎక్కింది లింగంపల్లిలోనే. ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు, ఒక్కసారి కూడా ఆ కాలనీ వైపు నడవలేదు. తర్వాతెప్పుడో మాయాబజార్ చూడ్డానికి వెళ్ళాను. ఘటోత్కచుడు వస్తాడని తెలుసు, ఎటునుంచి వస్తాడో కూడా తెలుసు. తీగ ఎక్కడ కట్టారో కనిపెడదామని ముందు వరసలో కూర్చున్నాను. తీరా వాడొచ్చేసరికి చూడ్డం మర్చిపోయాను.