సమన్లు తీసుకోండి, వాయిదాకు పోండి (కోర్టు మెట్లు – 6)



హాలహర్విలో నాకు తాత వరసయ్యే ఒకాయనకు డీకేటీ పట్టా భూమి ఉండేది. అది తన స్వాధీనంలో ఉందని, తాత అందులోకి రాకూడదని ఓ పెద్ద రైతు ఇంజంక్షన్ దావా వేసినాడు. అమీనా సమన్లు తెస్తే తాత తీసుకోలేదు. "మనమేం తప్పు చేసినామప్పా, కోర్టుకు పోయేకి?" అన్నాడు. కొన్ని వాయిదాలకే ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోయింది. సమన్లు వద్దన్నా అందినట్టే లెక్క అని ఆయనకు తెలీదు. అప్పటికి నాకూ తెలీదు.

మన ఉద్యమాల్లో కోర్టంటే ఎఫ్ఐఆర్, అట్రాసిటీ కేసు. కానీ మన చరిత్రలో ఓ పెద్ద పోరాటం సివిల్ దావాగానే నడిచింది. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్ళు తాగినారు. డిసెంబర్ 12న సవర్ణులు ఆయన్ని ప్రతివాదిగా చేర్చి దావా వేసినారు. రెండు రోజుల్లో తాత్కాలిక ఇంజంక్షన్ వచ్చింది. ఆ నెల 25న వేలమంది మహద్‌కు చేరినారు. మనుస్మృతిని తగలబెట్టినారు. నీళ్ళు తాగే కార్యక్రమాన్ని మాత్రం బాబాసాహెబ్ వాయిదా వేయించినారు. చెరువు దగ్గర ఆగి, కోర్టులో పదేళ్ళు కొట్లాడినారు. అంటరానివాళ్ళను రానియ్యకపోవడం అనాది ఆచారమని వాదులు చెప్పుకున్నారు. రుజువు చేయలేకపోయారు. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు వాళ్ళ అప్పీలు కొట్టేసింది.

చెప్పుకున్నోడే రుజువు చేసుకోవాలి. సివిల్ వకీలు పనికి ఇదే పునాది.

ఇప్పుడు మన నేలకొద్దాం. 1953 దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఆంధ్ర రాష్ట్రం వచ్చినాక 1954 జూన్ 18న ఇచ్చిన జీవో 1142తో, పేదలకిచ్చిన డీకేటీ భూమి అమ్మకూడదనే షరతు పట్టాలోకి వచ్చింది. షరతు కాయితం మీదే ఉండి భూములు చేతులు మారుతుంటే 1977లో 9వ నంబరు చట్టం చేసినారు. అలాంటి అమ్మకం చెల్లదు, భూమిని పట్టాదారుకే తిరిగి ఇప్పించవచ్చు అన్నది ఆ చట్టం. 2023 సవరణ, 20 ఏళ్ళు దాటిన పట్టాల అమ్మకానికి దారి తెరిచింది. కాబట్టి కాయితాలు ఇప్పుడు ఇంకా భద్రం.

ఈ చట్టాలన్నీ తాత పక్కనే ఉన్నాయి. వాటిని జడ్జి ముందు పెట్టే మనిషే లేడు. సమన్లందిన 30 రోజుల్లో జవాబు దావా వేసి, పట్టా, అడంగల్ చూపించి, వాదిని క్రాస్ చేసే వకీలు ఉంటే కథ వేరు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలునివ్వాలని 1987 న్యాయసేవల చట్టం చెబుతోంది. ఎక్స్‌పార్టీ డిక్రీ అయినా, రాలేకపోయినదానికి తగిన కారణం చూపి 30 రోజుల్లో రద్దు కోరవచ్చు. తాత విషయం మాకు తెలిసేసరికి ఆ గడువు దాటిపోయింది.

ప్రభుత్వ ప్లీడరుగా ఉండి 1985లో కారంచేడు మారణకాండకు నిరసనగా రాజీనామా చేసిన బొజ్జా తారకం గారు 'పోలీసులు అరెస్టు చేస్తే' రాసి మన చేతిలో పెట్టినారు. అమీనా గుమ్మంలోకొస్తే ఏం చేయాలో చెప్పే పుస్తకం కూడా మనకు కావాలి. లా చదువుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అది మీరు రాయాలి. అంతవరకు ప్రతి వాడలో ఒక్కరన్నా సమన్లు చదివి చెప్పడం నేర్చుకోండి.