తోటలో పాఠం: సామర్లకోట నుంచి జడ్చర్ల దాకా

మొక్క ఎదుట నిలబడి పాఠం చెప్పే పద్ధతి ఐరోపాలో వైద్యవిద్యతో ముడిపడి ఎదిగింది. 1545లో ఇటలీలోని పాడువాలో విశ్వవిద్యాలయం కోసం ఔషధ మొక్కల తోట వేశారు. ఏ ఆకు మందో, ఏది విషమో విద్యార్థులకు చూపించడం ఆచార్యుడి పని. తెలుగు నేలకు ఇలాంటి తోట వ్యాపారం వెంట వచ్చింది.

స్కాట్లండ్ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781లో ఈస్టిండియా కంపెనీ కొలువులో సామర్లకోట చేరి, మిరియం, నీలిమందు వంటి పంటలను అక్కడి తోటలో పరీక్షించాడు. 1787 తుఫాను అతని పుస్తకాలనూ ఎండుమొక్కల నమూనాలనూ ఊడ్చుకుపోయింది. మళ్లీ మొదటినుంచి సేకరించాడు. కరువు రోజుల్లో తిండికి ఆసరాగా కొబ్బరి, తాటి, పనస వంటివి పెంచాలని కంపెనీకి సూచించాడు. బొమ్మలు గీసింది స్థానిక చిత్రకారులు. మొక్కలకు జనం వాడే తెలుగు పేర్లనూ అతడు రాసుకున్నాడు. ఆ బొమ్మల్లో 300 దాకా 1795 నుంచి కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా లండన్‌లో అచ్చయ్యాయి. ఒక విధంగా అక్కడ పాఠం తలకిందులుగా నడిచింది: చెప్పింది ఊరివాళ్లు, నేర్చుకున్నది దొర. 1793లో అతడు కలకత్తా తోటకు వెళ్లిపోయాడు.

నిజాం రాజ్యంలో తోట అంటే విహారమే. హైదరాబాద్‌లో 1846 నాటి బాగే ఆమ్, అంటే నేటి పబ్లిక్ గార్డెన్స్, చాలాకాలం జంతువులకూ నెలవు. అవి 1963లో నెహ్రూ జూ పార్కుకు తరలాయి. నడిగడ్డలోని మానవపాడు అనే ఊరు ఉన్న అలంపూర్ తాలూకా 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉండేది. ఆ తాలూకా పిల్లలకు రాజధాని తోట దూరపు సంగతి.

మొక్కల మధ్య పర్యావరణ పాఠం చెప్పే పనికి చట్టం దన్ను ఆలస్యంగా దొరికింది. ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లో పర్యావరణ విద్యను తప్పనిసరి చేయాలని ఆదేశించింది. 2001 నుంచి జాతీయ హరిత దళం పేరుతో బడుల్లో పర్యావరణ క్లబ్బులు ఏర్పడ్డాయి. హైదరాబాద్ కొత్తగూడలో రాళ్లగుట్టల నడుమ 270 ఎకరాలకు పైబడిన కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్, ఐటీ కార్యాలయాల మధ్య మిగిలిన అడవిగా నగర విద్యార్థులకు అందుబాటులోకి వచ్చింది.

మానవపాడుకు దగ్గరి ఉదాహరణ మాత్రం ఆ ఊరిలాగే కర్నూలు రైలు మార్గంలో ఉన్న జడ్చర్ల. హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు పేరుతో ఉన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఆవరణలో వృక్షశాస్త్ర అధ్యాపకులు, విద్యార్థులు కలిసి తెలంగాణ బొటానికల్ గార్డెన్ పెంచారు. నడిగడ్డలో పత్తి, మిరప చేల మధ్య పెరిగిన విద్యార్థికి గట్టు మీది తంగేడు, జమ్మి కొత్త కాదు. కానీ వాటి కుటుంబం, పూత కాలం, శాస్త్రీయ నామం చెప్పేవాళ్లు ఉంటేనే అది చదువు అవుతుంది. దారిలో మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మరో పాఠం: 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగి పడ్డాక సందర్శకులను ఆపి, చెద నివారణ మందును సెలైన్ సీసాలతో చెట్టుకు ఎక్కించారు. పాత చెట్టును కాపాడటం ఎంత ఖర్చో చెప్పడానికి ఇంతకన్నా మంచి సాక్ష్యం ఈ ప్రాంతంలో లేదు.

పర్యావరణ బోధకుడనే హోదాతో కొలువు ఇప్పటికీ అరుదు. ఆ పనిని ఎక్కువగా అధ్యాపకులు, అటవీశాఖ సిబ్బంది, స్వచ్ఛంద కార్యకర్తలు తమ ఉద్యోగాల నడుమే నెట్టుకొస్తున్నారు.