పెరంబూరులో పెండ్లి పందిరి

పెండ్లి నిశ్చయమైన ఇంట మొదటి తర్జనభర్జన ముహూర్తమును గురించి జరుగునని పంచాంగము వ్రాయువారు అనుకొందురు. మా పెరంబూరు తెలుగువారి ఇండ్లలో అంతకు ముందే ఇంకొకటి లేచును: "ఊరికి పోయి చేతుమా, ఇక్కడనే కానిత్తుమా?"

మన పెద్దలకు ఈ బెడద లేదు. పెండ్లి పిల్ల పుట్టింటనే జరిగెడిది. కొందరిలో మగపెండ్లివారింట జరుగు వాడుకయు కలదు. వాకిట రాట పాతి, తాటాకు పందిరి వేసి, వీధిలోని నాలుగిండ్లను విడిదికి అడిగి పుచ్చుకొనెడివారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో తొలి వితంతు వివాహమును జరిపించిన వీరేశలింగము పంతులుగారు సైతము దానిని తమ ఇంటనే, పోలీసు కాపలా నడుమ జరిపించిరి. ఊరు ఎదురు తిరిగినను పెండ్లికొక గుమ్మము దొరికినది.

పెరంబూరులో ఆ గుమ్మమే కరవు. 1742లో నవాబు కుంఫిణీవారికిచ్చిన గ్రామములలో ఇది యొకటి. 1856లో వెలసిన రైల్వే వర్క్‌షాపు, 1996లో మూతపడిన బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లులు, 1955 అక్టోబరు 2న నెహ్రూగారు ప్రారంభించిన రైలుపెట్టెల కర్మాగారము మనవారెందరికో కూడు పెట్టినవి. వాకిలి మాత్రము ఇయ్యలేదు. వరుస గదులు, అందరికి ఒకటే కొళాయి. పందిరి ఎక్కడ వేయుదుము?

ఊరికి పోదమన్న వేరొక చిక్కు. రైల్వే ఉద్యోగికి, అతని కుటుంబమునకు పాసు కలదు, పక్కగదివారికి లేదు. పిల్లను ఎత్తుకొని పెంచినది ఆ పక్కగదివారే! ఇక్కడ చేసినచో నెల్లూరు పల్లెలో మంచము దిగలేని అవ్వ అక్షతలు వేయజాలదు. ఎటు చూచినను ఎవరో ఒకరు మిగిలిపోవుదురు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడి మదరాసు మనకు దక్కకపోవుటతో ఈ మాట మరికొంత నొప్పించినది. ఇక్కడ పెండ్లి చేయుటయనగా ఇక్కడనే ఉండిపోవుదుమని ఒప్పుకొనుట గదా!

తుదకు కల్యాణమండపములే దిక్కైనవి. వంటకు, పడకకు లోటు లేదు గాని నేల అంతయు గచ్చు. రాటను ఇసుక నింపిన డబ్బాలో నిలుపుట మేము చూచితిమి. అరుంధతిని చూపుటకు వధూవరులను లారీలు పోవు రోడ్డు మీదికి తీసికొని పోవుదురు. అప్పగింతలవేళ తల్లి ఏ గడపలో నిలువవలెనో తోచక చెప్పులు విడిచెడి చోట నిలిచి ఏడ్చును. అప్పటికే మేనేజరు గడియారము చూపుచుండును.

చట్టము మనకంటె ఉదారమైనది. 1955 నాటి హిందూ వివాహ చట్టము సప్తపదిని చెప్పినది గాని స్థలమును చెప్పలేదు. 1967లో మదరాసు శాసనసభ చేసిన సవరణతో బంధుమిత్రుల యెదుట దండలు మార్చుకొన్నను పెండ్లియే. 2009 నాటి చట్టముతో తమిళనాట వివాహ రిజిస్ట్రేషను తప్పనిసరియైనది. పెండ్లి ఎక్కడ జరిగినదో అందులో వ్రాయవలెను.

మా పిల్లలు అక్కడ తడుముకొనక పెరంబూరని వ్రాయుచున్నారు. వారి తాతలు శుభలేఖ అచ్చు వేయించినప్పుడు స్వగ్రామము పేరు పెద్ద అక్షరములలో పైన ఉండెడిది. పెరంబూరు చిరునామా అడుగున, చిన్న అక్షరములలో.