గోదావరి డెల్టాలో ఫాల్గుణ కరువు – పైరూ, పశువూ

కరువు అనగానే మనకు అనంతపురమో, మహబూబ్‌నగరో గుర్తుకొస్తాయి. గోదావరి జిల్లాల వాళ్లకు కరువేమిటండీ, కాలువ గట్టున పుట్టి కాలువ గట్టున పెరిగారు కదా అని బదిలీ మీద వచ్చిన మిత్రులు ఆఫీసులో మమ్మల్ని మేలమాడేవారు. వారి మాటలో సగం నిజముంది. మిగతా సగం గురించి నాలుగు మాటలు రాయాలని ఎప్పటినుంచో ఉంది. రెవిన్యూ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా అడంగళ్లూ, జమాబందీ లెక్కలూ, నీటి తీరువ డిమాండ్లూ తిరగేసినవాణ్ణి గనుక, ఈ సంగతిని కాస్త లెక్కల వైపు నుంచే చెబుతాను.

మెట్ట ప్రాంతంలో కరువు ఆషాఢ, శ్రావణాల్లో తెలుస్తుంది. వాన పడదు, విత్తనం పడదు, అంతే. మన డెల్టాలో అలా కాదు. ఆ నెలల్లో గోదావరి ఎర్రగా పొంగుతూనే ఉంటుంది. వాన సరిగా లేని ఏడు కూడా సార్వాకు నీళ్లు ఎలాగో సరిపోతాయి. మన కరువు మాఘం దాటాక, మామిడి పిందె పడే రోజుల్లో వస్తుంది. పైన మహారాష్ట్రలోనో, బస్తరులోనో ఆరు నెలల కిందట పడని వాన మనకు ఫాల్గుణంలో కాలువ అడుగున కనిపిస్తుంది.

ఆనకట్టకు ముందు పరిస్థితి ఇంతకంటే ఘోరం. ఏటి పక్కనే ఉండి కూడా ఏటి నీరు పొలానికి ఎక్కేది కాదు. వరదొస్తే పంట మునిగేది, రాకపోతే ఎండేది. 1791-92 కరువు ఉత్తర సర్కారులన్నిటినీ ఊడ్చిపెట్టింది. తరువాత 1832-33లో వచ్చింది నందన కరువు. దీనినే డొక్కల కరువు అనీ అంటారు. గుంటూరు జిల్లాలో మూడింట ఒక వంతు జనం పోయారని ఆనాటి అంచనా. పశువులు లక్షల్లో చచ్చాయి. రాజమండ్రి జిల్లా కూడా ఆ దెబ్బ నుంచి చాలా ఏళ్లు తేరుకోలేదు. 1821 నాటి జనాభా కంటే 1841 నాటి జనాభా బాగా తగ్గిందంటే, ఆ ఇరవై ఏళ్లూ ఈ గడ్డ మీద ఎలా గడిచాయో ఊహించుకోవచ్చు. పశువు చచ్చిన రైతుకు మరుసటి ఏడు వాన పడ్డా లాభం లేదు, దున్నడానికి ఎద్దు ఉండాలి కదా. కరువు ఒక ఏడు వస్తే దాని బాకీ నాలుగేళ్లు తీర్చవలసి వచ్చేది అందుకే.

శిస్తు రాబడి పడిపోతే గానీ దొరలకు నిద్ర పట్టకపోవడం మానలేదు. 1843లో సర్ హెన్రీ మాంట్‌గోమరీని విచారణకు పంపారు. ఈ జిల్లా బాగుపడాలంటే నదిని వాడుకోవాలని ఆయన నివేదిక ఇచ్చాడు. ఆ పనికి ఆర్థర్ కాటన్ వచ్చాడు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు పాయల మీదా ఆనకట్ట నిలబెట్టారు. ఆయన దగ్గర పనిచేసిన మన వీణెం వీరన్న గారి పేరు కూడా ఇక్కడ తలుచుకోవాలి. దొర విగ్రహాలు ఊరూరా ఉన్నాయి గానీ వీరన్న గారిని ఎరిగినవారు తక్కువ. ఆ తరువాత ధాత కరువు (1876-78) రాయలసీమను, మద్రాసు చుట్టుపక్కల జిల్లాలను మాడ్చివేసినప్పుడు మన డెల్టా తిండి గింజలు పంపే స్థితిలో ఉంది. నలభై నాలుగేళ్లలో ఎంత మార్పో చూడండి.

ఇంతవరకు అందరికీ తెలిసిన కథే. ఇక మన దాళ్వా సంగతికి వస్తాను.

కాటన్ గారి ఆనకట్ట ముఖ్యంగా సార్వా కోసం. సంక్రాంతికి కుప్పలు నూర్చి ఇంటికి చేర్చాక చేలు ఖాళీ. కోతకు ముందే, చేలో ఇంకా తడి ఉండగానే, వరిలో మినుములో, పెసలో, జనుమో, పిల్లిపెసరో చల్లేవారు. వాటికి కాలువ నీరు అక్కర్లేదు, నేలలో చెమ్మా, పైన మంచూ చాలు. మినుము ఇంటికి, జనుమూ పిల్లిపెసరా గొడ్డుకి. పొలానికి కూడా పప్పుజాతి పైరు బలమే. ఆ పంటలు అయిపోయాక, ఏరువాక దాకా ఊరి పశువులన్నీ కట్లు విప్పుకొని ఊరి పొలమంతా మేసేవి. డెల్టాలో పశువుకు స్వేచ్ఛ దొరికేది ఆ మూడు నాలుగు నెలలే. వానాకాలంలో గట్లు తప్ప మేపే చోటు లేక చాలామంది తమ గొడ్లను మెట్టకూ, మన్యం వైపు అడవులకూ తోలించి, పైరు కోతలయ్యాక తెప్పించుకొనేవారు. అంటే అందరికీ గడ్డు కాలమైన వేసవే మన డెల్టా పశువుకు పండుగ కాలం!

1960ల చివర ఐఆర్ 8 వంటి పొట్టి వంగడాలు వచ్చాయి. నాలుగు నెలల్లో పంట చేతికొచ్చేది, ఎకరానికి దిగుబడి మునుపటితో పోల్చరానిది. దాళ్వా అంతకుముందు లేదని కాదు, కొద్ది ప్రాంతంలో ఉండేది. అందులోనూ ఒక ఏడు ఈ కాలువ కింద, మరో ఏడు ఆ కాలువ కింద అన్నట్లు నీరు ఇచ్చేవారు. కొత్త వంగడాలు వచ్చాక అందరికీ కావలసి వచ్చింది. 1970ల్లో దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం పని ప్రారంభించింది. కరెంటు తీశాక వదిలిన నీరు శబరిలో పడి, కూనవరం దగ్గర గోదావరిలో కలిసి, వేసవిలో మనకు అందడం మొదలైంది. 1970లో మొదలైన కొత్త బ్యారేజి 1982లో పూర్తయింది. ఈ మూడూ కలిసి దాళ్వాను డెల్టా అంతటా పరిచాయి. ఆ ధాన్యం డబ్బుతోనే మనలో చాలామంది పిల్లలు ఇంజనీరింగులు చదివారు, ఆ మాట దాచను.

అయితే లెక్క చూడండి. మన ఆయకట్టు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి పది లక్షల ఎకరాలకు పైమాటే. దాళ్వా మొత్తానికి తొంభై టీయంసీల దాకా నీరు కావాలని ఇంజనీర్లు చెబుతుంటారు. బ్యారేజిలో నిలవ ఉండేది మూడు టీయంసీల లోపు. అంటే మనకు ఉన్నది చెరువు కాదు, నడిచే నీళ్లకు వేసిన అడ్డు మాత్రమే. వరదల్లో వేల టీయంసీలు సముద్రం పాలవుతాయి, ఫిబ్రవరిలో ఏరు పిల్లకాలువ అవుతుంది. అప్పుడు వచ్చినంతే దిక్కు. పై రాష్ట్రాల్లో ఆనకట్టలు పెరిగిన కొద్దీ ఆ వచ్చేదీ తగ్గింది.

ఇక దాళ్వా పైరుకు ఎండ గండం ఒకటుంది. మార్గశిరంలో నారు పోసి, సంక్రాంతి లోపల ఊడ్పులు ముగిస్తే, ఫాల్గుణంలో ఎండలు ముదరకముందే పైరు ఈనుతుంది. చైత్రంలో కోత. నారు ఆలస్యమైతే జనవరి చలికి ఎదగదు, ఊడ్చాక ఆలస్యంగా పిలక వేస్తుంది, ఈనే వేళకు ఎండ ముప్పై అయిదు డిగ్రీలు దాటుతుంది. పూత సమయంలో ఆ వేడి తగిలితే పుప్పొడి చెడి గింజ కట్టదు, కంకి నిటారుగా నిలబడుతుంది. దూరం నుంచి చూస్తే చేను బ్రహ్మాండంగా ఉంటుంది, దగ్గరికెళ్లి నలిపితే తాలు. పాలు పోసుకునే దశలో నీరు ఆగినా ఇదే గతి.

మరి నారు ఎందుకు ఆలస్యమవుతుంది? సార్వా ఆలస్యమవడం వల్ల. కాలువకు నీరు జూన్‌లో ఆలస్యంగా వదిలినా, నవంబరులో తుఫాను వచ్చి సార్వా చేలు పడిపోయినా, దాళ్వా మొత్తం ఎండలోకి జరిగిపోతుంది. 1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడిన తుఫానును ఎవరు మరిచిపోగలరు? కూలిన కొబ్బరిచెట్లూ, ఒరిగిన వరీ అందరూ చూశారు. ఆ చేలు బాగుచేసుకొని దాళ్వా వేసేసరికి ఎన్ని వారాలు పోయాయో మాత్రం ఏ వార్తలోనూ రాదు. 2011లో కోనసీమ రైతులు సార్వా పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన బాధల్లో మురుగు తీయకపోవడం, ధర లేకపోవడంతో పాటు ఈ నీటి తేదీల గొడవ కూడా ఉంది.

2002, 2009, 2015 – ఈ మూడు సంవత్సరాల్లో దేశమంతటా నైరుతి రుతుపవనాలు దెబ్బతిన్నాయి. ఎక్కడో పసిఫిక్ మహాసముద్రంలో నీరు వేడెక్కితే ఇక్కడ వానలు తగ్గుతాయని, దానికి ఎల్‌నినో అని పేరనీ ఇప్పుడు బడిపిల్లలకు కూడా తెలుసు. అలాంటి ఏడు తరువాత వచ్చే దాళ్వాకు నీటిపారుదల సలహా మండలి కూర్చుంటుంది. కలెక్టరు గారి ముందు ఇంజనీర్లు ఇంత విస్తీర్ణానికే ఇవ్వగలమంటారు, ప్రజాప్రతినిధులు మొత్తానికి ఇవ్వాలంటారు. చివరికి మొత్తానికి ఇస్తామనీ, వంతుల వారీగా ఇస్తామనీ తేలుతుంది. వంతు అంటే కొన్ని రోజులు నీరు, కొన్ని రోజులు కట్టు. కాగితం మీద న్యాయంగానే ఉంటుంది. కానీ కాలువ మొదట్లో ఉన్నవాడు తన వంతులో రెండు తడులకు సరిపడా పెట్టుకుంటాడు, శివారు వాడికి వంతు ముగిసే నాటికి నీరు రానే రాదు. రాత్రుళ్లు లాకుల దగ్గర లస్కర్ల చుట్టూ రైతులు కాపలా కూర్చోవడం, బోదెల మీద అన్నదమ్ములే గొడవపడటం నేను ఉద్యోగంలో ఉండగా చూశాను. తక్కిన దారి మురుగు కాలువలకు అడ్డుకట్టలు వేసి ఇంజన్లతో తోడుకోవడం. ఒకప్పుడు ఆ నీరు పైరుకు పనికివచ్చేది. చేపల, రొయ్యల చెరువులు పెరిగాక భీమవరం, నరసాపురం వైపు మురుగు నీరు తోడితే పైరు బతుకుతుందన్న నమ్మకం పోయింది. అలాంటి ఏళ్లలో దాళ్వాను ఒడ్డున పడేసింది చాలావరకు సీలేరు నీరే.

ఎండిన పైరును పాత లెక్కల్లో ‘సావి’ అని రాసేవాళ్లం. సావికి తీరువ వజా ఉండేది, అంటే పన్ను మాఫీ. పశువుకు మాత్రం ఏ గడిలోనూ వజా లేదు. పైరు ఎండితే రైతు దరఖాస్తు పెడతాడు, ఎవరో వచ్చి చూస్తారు, పత్రికలో ఫొటో పడుతుంది. గేదె పాలు సగానికి పడిపోతే దరఖాస్తు ఎవరికి పెట్టాలి?

దాళ్వా వచ్చాక జనుమూ, పిల్లిపెసరా పోయాయి. వేసవిలో విప్పి మేపే పొలం పోయింది, చేలో పడిన ఆవును బందెలదొడ్డికి తోలడం మొదలైంది. ట్రాక్టరు రావడంతో ఎద్దు పని కూడా తీరింది. మా చిన్నప్పుడు ప్రతి మోతుబరి ఇంటా ఒంగోలు గిత్తల జత ఉండేది, ఇప్పుడు సంక్రాంతి ప్రదర్శనల్లో చూడాలి. మిగిలింది పాడిగేదె. దానికి ఆధారం గడ్డిమేటు. కూలీలతో కోసి కుప్ప నూర్చిన రోజుల్లో గడ్డి పొడుగ్గా, శుభ్రంగా వచ్చేది. కోత మిషన్లు వచ్చాక గడ్డి తునిగి చేలోనే పరుచుకుంటోంది, చాలామంది ఏరే ఖర్చు భరించలేక నిప్పు పెడుతున్నారు. దాళ్వా దెబ్బతిన్న ఏడు ఆ తునిగిన గడ్డి కూడా ఉండదు. మెట్ట మండలాల వాళ్లకు మరీ ఇబ్బంది. జగ్గంపేట, ఏలేశ్వరం, చింతలపూడి వైపు వాన లేని ఏడు వాళ్లు గడ్డి కోసం డెల్టాకే దిగివస్తారు. ఇక్కడా లేకపోతే వేసవి సంతలో గొడ్డును అయినకాడికి అమ్ముకోవడమే.

కోళ్ల సంగతీ ఒక మాట. తణుకు, అనపర్తి చుట్టుపక్కల షెడ్లలో ఏప్రిల్, మే వడగాలికి కోళ్లు రాలిపోతాయి. కప్పు మీద గడ్డి పరిచి నీళ్లు చల్లుతారు. ఆ గడ్డీ వరిగడ్డే, ఆ నీళ్లూ కాలువవే.

కాలువలు కట్టేశాక శివారు గ్రామాల అవస్థ వేరు. మరమ్మతుల కోసం ఏప్రిల్‌లో కాలువలు కట్టి జూన్‌లో తెరుస్తారు. సముద్రం దగ్గరి ఊళ్లలో బావి తవ్వితే ఉప్పునీరు. సఖినేటిపల్లి, మొగల్తూరు వైపు ఊళ్లలో ఆ రెండు నెలలూ మనిషికీ గొడ్డుకీ చెరువే గతి. అందుకే కాలువ కట్టే ముందు మంచినీళ్ల చెరువులు నింపుతారు. వంతుల ఏడాదిలో చివరి తడి కోసం పైరుకూ, చెరువుకూ పోటీ పడుతుంది. పైరు పెద్దమనుషులది, చెరువు ఊరందరిది. ఎవరి మాట నెగ్గుతుందో వేరే చెప్పాలా? మనుషులకు ఇప్పుడు ట్యాంకరు వస్తుంది, సీసా నీళ్లు వస్తాయి. గేదె రోజుకు కడవల కొద్దీ తాగాలి, పైగా వేసవిలో దానికి పొర్లాడే మడుగు కావాలి. వేడి దిగకపోతే చూడి నిలవదు, పాలు దిగవు. ఉప్పుచెరువులో తాగిన దూడలు పారుకొని చనిపోవడం ఆ ఊళ్ల వాళ్లు చెప్పగా విన్నాను.

ఇప్పుడు జిల్లాలు వేరయ్యాయి. 2022లో కోనసీమ, కాకినాడ, ఏలూరు విడివిడిగా ఏర్పడ్డాయి, పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రమైంది. సలహా మండలులు కూడా అందుకు తగ్గట్టు విడిపోయాయి. కాలువలు మాత్రం పాతవే, ఒకే బ్యారేజి దగ్గర పుడతాయి. పల్లెల్లో ఉంటున్న మన సంఘ సభ్యుల్లో కాస్తో కూస్తో పొలం, ఒకటో రెండో గేదెలు ఉన్నవారు చాలామంది. దాళ్వా సమావేశం జరిగినప్పుడల్లా ఎన్ని ఎకరాలకు నీరు, ఏ తేదీ దాకా అని మాత్రమే అడుగుతున్నారు. కాలువ కట్టే నాటికి ఏ ఊరి చెరువు ఎంత నిండింది, దాని మీద ఎన్ని గొడ్లు ఆధారపడ్డాయి అన్న లెక్క కూడా ఆ బల్ల మీద పెట్టించాలి. ఆ లెక్క రాయడం పెద్ద పనేమీ కాదు. ఊరికి ఒక కాగితం, అందులో మూడు గళ్లు, అంతే. పెన్షన్ తీసుకొని అరుగు మీద కూర్చున్న గుమాస్తాలం, మనలో ఎవరైనా ఒక పూటలో రాసి ఇవ్వగలం.