బోధన్ చెరకు ప్రాంతపు ఉమ్మడి నివాసాలు: పర్యావరణహిత నిర్మాణపు లాభనష్టాలు

మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ప్రాజెక్టు బోధన్ ప్రాంతపు సేద్యంతోపాటు నివాసాన్నీ మార్చింది. కాలువ నీటితో చెరకు విస్తరించింది. చెరకు వెంట 1937లో నిజాం చక్కెర కర్మాగారం, దాని చెంత శక్కర్‌నగర్ వెలిశాయి. పల్లెలో ఇల్లు కట్టుకొన్న కుటుంబమే దానిని ఏటేటా బాగుచేసుకొనేది. కంపెనీ క్వార్టర్లలో కట్టించేవారు ఒకరు, కాపురముండేవారు మరొకరు. పర్యావరణహిత నిర్మాణపు జమాఖర్చులను తేల్చేది ఈ తేడాయే.

మట్టిగోడ, గూనపెంకు, గానుగ సున్నం తెలంగాణ పల్లెకు పరిచితమైన సామగ్రి. సున్నంలో ఇసుక కలిపి గానుగలో నూరి, బెల్లపు నీరు, కరక్కాయ కషాయం చేర్చేవారు. సున్నపురాయి కాల్చడానికి సుమారు 900 డిగ్రీల వేడి చాలు; సిమెంటుకు 1450 డిగ్రీల దాకా కావాలి. పైగా కాల్చినప్పుడు వెలువడిన బొగ్గుపులుసు వాయువులో కొంత భాగాన్ని సున్నం గట్టిపడే క్రమంలో తిరిగి పీల్చుకొంటుంది. వేసవిలో ఇల్లు చల్లగా ఉంటుంది. నష్టం మరోచోట ఉంది. సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది, పనితెలిసిన మేస్త్రీ కావాలి, వానలకు ముందు పెంకులు సర్దించాలి. కోతుల బెడద ఉన్న ఊళ్లలో ఈ చివరి ఖర్చు చిన్నదేమీ కాదు.

సొంత ఇంట్లో చల్లదనం, మరమ్మతు రెండూ ఒకే కుటుంబానివి. క్వార్టరులో చల్లదనం కార్మికునిది, మరమ్మతు పద్దు కంపెనీది. కర్మాగారంలో అధిక వాటా 2002లో ప్రైవేటు సంస్థకు బదిలీ అయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటన వెలువడింది. పద్దు మోసే యజమానే ఆగిపోయినప్పుడు, నిర్లక్ష్యాన్ని మట్టిగోడకంటే సిమెంటు గోడ ఎక్కువకాలం ఓర్చుకొంటుంది. కనుక సామాన్యులు సిమెంటు వైపు మొగ్గడాన్ని కేవలం మోజుగా కొట్టివేయడం చరిత్రకు న్యాయం చేయదు.

నేటి బహుళ అంతస్తుల భవనాల్లోనూ ఇదే చిక్కు. థర్మల్ కేంద్రాలకు 300 కిలోమీటర్ల పరిధిలోని నిర్మాణాల్లో బూడిద ఇటుకలు వాడాలని కేంద్రం 2016లో నిబంధనను విస్తరించింది; రామగుండం కేంద్రం వల్ల నిజామాబాదు ఆ పరిధిలోకి వస్తుంది. ఈ ఇటుకకు బట్టీ మంట అక్కరలేదు, పొలం పైమట్టి తవ్వనక్కరలేదు. చెరకు నేలలకు అది మేలే. అయితే సిమెంటుతో చేసే బూడిద ఇటుకను రోజుల తరబడి నీటితో తడపాలి. మేలు రైతుది, వ్యయం కట్టేవారిది.

ఇంకుడు గుంత సంగతి మరింత స్పష్టం. 2002 నాటి వాల్టా చట్టం వాననీటి సంరక్షణ నిర్మాణాలను తప్పనిసరి చేసింది. గుంత తవ్వించిన ఖర్చు ఫ్లాటు ధరలో కలిసిపోతుంది. పూడిక తీసే ఖర్చు మాత్రం ఏటా నివాసుల చందాల్లోంచే రావాలి. అద్దెకున్న కుటుంబం చందా ఇచ్చినా, బోరులో నీరు పెరిగేనాటికి అదే ఇంట్లో ఉంటామన్న భరోసా దానికి లేదు.