బరువు దిగే దారి

మంటలో అంత చిల్లకంప వెయ్యబాకురా, పొగ కళ్లల్లోకి కొడతాంది. దగ్గరికి జరిగి కూర్చోండి. చిన్నమ్మాయి పొద్దున అడిగింది గదా, "తాతా, భూమి ఊగినా మనిల్లెందుకు పడలేదు?" అని. 2024 డిసెంబరు సంగతి అది. 21, 22, 23 తేదీల్లో వరసగా మన ముండ్లమూరు, తాళ్లూరు చుట్టుపక్కల నేల కదిలింది. బళ్లోంచి పిల్లలు బయటికి ఉరికారు. అయితే మనిల్లు నిలబడ్డందుకు గొప్ప ఇంటిది కాదమ్మా. వచ్చింది చిన్నది, భూకంపం కొలతలో మూడు దరిదాపు. ఆ లెక్కలో ఒక్క అంకె పెరిగితే బయటపడే శక్తి ముప్పై రెట్ల పైమాటే.

పెద్దది నా చిన్నప్పుడొచ్చింది. 1967 మార్చి 27న, ఒంగోలు భూకంపం, 5.4. అప్పటికి మనకు ఒంగోలు జిల్లా అనేదే లేదు, మన దర్శి తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. అటక మీద కుండలు ఒకదానికొకటి కొట్టుకున్నయ్యి. మా నాయన మమ్మల్నందర్నీ బజార్లోకి లాగేసి, ఊగుడు ఆగినాక తనొక్కడే లోపలికి పొయ్యాడు. పొయ్యి నిట్రాడ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఇంటికి నాడి అక్కడే దొరుకుద్దంట. అప్పుడు నవ్వుకున్నాం గానీ, ఆయన చూసిందేందో తర్వాత అర్థమైంది. పెంకు బరువు వాసాల మీద, వాసాల బరువు దూలం మీద, దూలం బరువు నిట్రాడ మీద, నిట్రాడ బరువు నేల మీద. పైనున్న బరువు నేలకు దిగటానికి దారుండాలి. ఆ దారిలో ఎక్కడ తెగినా ఇల్లు కూలిద్ది. ఎంత పెద్ద కట్టడమైనా మొదట వెతకాల్సింది ఆ దారే.

ఇట్టా రా పెద్దోడా. ఆ మూలనున్న పగిలిన పలక తీసుకురా, చట్రం ఊడిపోయింది చూడు, అదే. మార్కాపురం పలక. అక్కడ రాయి పొరలు పొరలుగా చీలుద్ది, మా కాలంలో బళ్లోకి అదే వచ్చేది. రెండిటుకలు దూరందూరంగా పెట్టి, వాటి మీద పలకను పడుకోబెట్టు. నడుమ వేలితో నొక్కు. ఇంకా గట్టిగా. విన్నావా, టప్పుమంది! ఇప్పుడు మిగిలిన ముక్కను నిలువుగా, అంచు మీద నిలబెట్టు. పడిపోకుండా చిన్నమ్మాయి పట్టుకుంటది. నొక్కు. చెల్లెల్ని కూడా నొక్కమను. ఇరగట్లేదు గదా? రాయి అదే, మందం అదే. నిలువులోతు పెరిగితే వంగదు. అందుకే దూలాన్ని ఎప్పుడూ వెడల్పు మీద పడుకోబెట్టరు, ఎత్తు మీద నిలబెడతారు.

ఆ విరిగిన అంచు తడిమి చూడు. పైనించి నొక్కితే పై పొర నలిగిద్ది, కింది పొర సాగిద్ది. రాయి నలుగుడును తట్టుకుంటది గానీ సాగుడును తట్టుకోలేదు. చిట్లు కిందే మొదలైద్ది. కాంక్రీటు గుణమూ అదే. అందుకే స్లాబు పోసేటప్పుడు నడిమి భాగంలో కడ్డీలు కింది అంచుకు దగ్గరగా కడతారు, సాగే పని ఇనుముదని.

తాటిదూలం సంగతి ఇంకా తమాషా. వేప, తుమ్మలకు చేవ లోపల. తాటికి బయట. లోపలంతా మెత్తని పీచు. వంగేటప్పుడు కష్టమంతా అంచులదే గదా, దేవుడు చేవను అక్కడే పెట్టాడు. రైలు వంతెన గడ్డరు చూడండి, పైనా కిందా మందం రేకు, నడుమ పలచనిది. గిద్దలూరు దాటినాక నల్లమలలో పాత మీటరుగేజి దారికి తెల్లోళ్లు 1880లలో కట్టిన దొరబావి వంతెనలో ఇనుము పనితనం చూసినోళ్లు దాని కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. బ్రాడ్‌గేజి వచ్చాక ఆ దారి మూలబడింది.

పిచ్చుక గూళ్లు కట్టారు గదా వాగులో? పాదం మీద తడి ఇసుక కప్పి, తట్టి, మెల్లగా కాలు లాక్కుంటే గూడు నిలబడిద్ది. పొడి ఇసుకతో కట్టండి, నిలవదు. నీళ్లు ఎక్కువ పోయండి, జారిపోద్ది. రేణువుల నడుమ ఆ కాస్త తడే పట్టి ఉంచుద్ది. పైనున్న ఇసుక బరువు వంపు వెంట రెండు పక్కలా నేలకు దిగిద్ది. మన పాత మోట బావి కట్టుడూ అంతే, కాకపోతే ఆ వంపును పడుకోబెట్టి గుండ్రంగా చుట్టారు. చుట్టూ మట్టి లోపలికి తోసేకొద్దీ రాళ్లు ఒకదాన్నొకటి గట్టిగా బిగబట్టుకుంటయ్యి. సున్నం బొట్టు లేకపోయినా నిలబడింది. వెలిగొండ ప్రాజెక్టు కోసం నల్లమల కింద 18 కిలోమీటర్లకు పైగా తొలిచిన రెండు సొరంగాలూ గుండ్రమే.

ఇక నీళ్ల సంగతి. బిందెకు పైన ఒక చిల్లు, కింద ఒక చిల్లు పడితే ఏ ధార జోరుగా చిమ్ముద్ది? కిందదే. లోతుకు పోయేకొద్దీ నీళ్ల తోపుడు ఎక్కువ. అందుకే కట్ట కింద వెడల్పు, పైన సన్నం. కంభం చెరువు మీద నడిపించాను గదా మిమ్మల్ని, అయిదొందల ఏళ్ల నాటిది. గజపతుల ఆడపడుచు, కృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందంటారు. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడమని గుర్తింపు కూడా వచ్చింది. నన్నడిగితే అందులో పెద్ద తెలివి చోటు ఎంచుకోవటంలో ఉంది. గుండ్లకమ్మ రెండు కొండల నడుమ ఇరుకులో దూరే చోట కట్ట వేశారు, సగం పని కొండలే చేసినయ్యి. పైగా అలుగు పెట్టారు. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లితే కోసుకుపోద్ది, అందుకే మిగులు నీళ్లకు వేరే దారి.

ఒంగోలు భూకంపం వచ్చిన సంవత్సరమే, 1967లోనే, ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామది. మా పెదనాయన సాగరు పనికి పొయ్యొచ్చాడు. రాయి నెత్తిన పెట్టుకుని పరంజాలు ఎక్కిన జనం చీమలబారు కన్నా ఎక్కువని చెప్పేవాడు. ప్రపంచంలోకెల్లా పెద్ద రాతి ఆనకట్టగా పేరు దానికి. పునాదుల నుంచి 124 మీటర్ల ఎత్తు, 26 గేట్లు. కృష్ణ అంత బలంగా తోస్తన్నా అది జరగకుండా ఉండేది దాని సొంత బరువుతోనే.

భూకంపానికి మాత్రం ఒట్టి బరువు చాలదు, బరువే శత్రువైద్ది కూడా. అది పక్కలకు ఊపిద్ది. గోడలు మూలల దగ్గర విడిపోతయ్యి. మన నడవ మూల చూడండి, ఒక వరసలో పొడుగు రాయి ఇటు, పై వరసలో అటు, వేళ్లలో వేళ్లు పెట్టినట్టు పేర్చారు. ఇప్పటోళ్లు పిల్లర్లకు రింగులు కడతన్నారు. రింగు కొసను లోపలికి మడిచి కాంక్రీటులో ముంచాలి. అలా మడవకుండా వదిలేస్తే ఊగుడుకు రింగు విప్పుకుంటది, నిలువు కడ్డీలు బయటికి బుంగ పోతయ్యి.

మన వీధి చివర ఇల్లు లేస్తాంది. రేపు బడికి పొయ్యేటప్పుడు ఆగి, పిల్లరు కాళ్ల దగ్గరా తల దగ్గరా రింగులు ఎందుకు దగ్గరదగ్గరగా కట్టావని మేస్త్రిని అడగండి. విసుక్కుంటాడు. అయినా కదలొద్దు. ఒకవేళ దగ్గరగా కట్టకపోతే ఇంటాయనతో చెప్పి రండి.