వెనక వరసలో వంద మ్యాచ్‌లు

భారత మహిళా ఫుట్‌బాల్‌లో డిఫెండర్ వృత్తి జీవితం ఎలా సాగుతుందో తెలియాలంటే ముందుగా చూడాల్సిన పేరు లోయితోంగ్బం ఆశాలతా దేవి. 1993లో ఇంఫాల్‌లో పుట్టిన ఈమె 2011 నుంచి జాతీయ సీనియర్ జట్టు తరఫున ఆడింది. 2024 అక్టోబరు 17న కాఠ్మాండూలో, దక్షిణాసియా దేశాల సాఫ్ టోర్నీ తొలి మ్యాచ్‌లో పాకిస్తాన్‌పై బరిలోకి దిగి, వంద అంతర్జాతీయ మ్యాచ్‌లు పూర్తిచేసిన మొదటి భారత మహిళగా నిలిచింది. ఆ రోజు భారత్ 5-2 తేడాతో గెలిచింది. గోల్ కొట్టినవారికే పతాక శీర్షికలు దక్కే ఆటలో ఈ తొలి వంద ఒక సెంటర్ బ్యాక్ పేరిట నమోదైంది.

డిఫెండర్ పని ఎక్కువగా కంటికి ఆనదు. బంతిని లాక్కోవడం అందులో ఒక భాగం మాత్రమే. అసలు నేర్పు నిలబడే చోటులో ఉంటుంది. ప్రత్యర్థి ఫార్వర్డ్‌ను ఆఫ్‌సైడ్‌లో పడేయాలంటే వెనక నలుగురూ ఒకే క్షణంలో అడుగు ముందుకు వేయాలి. ఒకరు అర అడుగు వెనకబడినా దారి తెరుచుకున్నట్టే. గోల్‌కీపర్ పిలుపు, పక్కనున్న ఆటగత్తె అలవాటు, బంతి వచ్చే కోణం ఒక్కసారే లెక్కలోకి తీసుకోవాలి. ఈ విద్య ఒంటరి సాధనతో అబ్బదు. కలిసి ఆడే పదిమంది కావాలి, ఓడించగల ప్రత్యర్థులు కావాలి, అన్నిటికీ మించి వారం వారం మ్యాచ్‌లు కావాలి.

మన దేశంలో కొరవడింది అదే. మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య 1975లో ఏర్పడింది. 1980లో కోజికోడ్‌లో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో భారత్ రన్నరప్, 1983లో మళ్లీ రన్నరప్. అప్పటి ఆటగత్తెలకు వృత్తి లీగ్ లేదు. జాతీయ లీగ్ అయిన ఇండియన్ విమెన్స్ లీగ్ 2017లో గానీ మొదలు కాలేదు. ఆ ఏడాది తుది దశలో ఆడినవి ఆరు జట్లు. జనవరి చివర ఢిల్లీలో మొదలైన పోటీ ఫిబ్రవరి నడిమికల్లా ముగిసిపోయింది. అంత చిన్నదాన్ని లీగ్ అనడం కన్నా టోర్నమెంట్ అనడమే సబబు.

ఆశాలతకు తొలి విదేశీ అవకాశం లీగ్ కన్నా ముందే వచ్చింది. 2015లో మాల్దీవుల క్లబ్ న్యూ రేడియంట్‌కు ఆడింది. 2019లో బిరాట్‌నగర్‌లో నేపాల్‌ను 3-1తో ఓడించి సాఫ్ కప్పు నిలబెట్టుకున్న జట్టుకు ఆమే కెప్టెన్. అదే ఏడాది మదురైకి చెందిన సేతు ఎఫ్‌సీతో లీగ్ టైటిల్ గెలిచింది. 2018-19కి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి అవార్డు అందుకుంది. ఆసియా ఉత్తమ క్రీడాకారిణి తుది జాబితాలోనూ చోటు దక్కింది. తర్వాత గోకులం కేరళ క్లబ్‌కు మారింది. ఆ జట్టు 2022 ఆగస్టులో ఆసియా క్లబ్ పోటీకి తాష్కెంట్ చేరాక, భారత సమాఖ్యను ఫిఫా సస్పెండ్ చేసింది. మైదానంలో ఏ తప్పూ చేయని జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా తిరిగి రావలసి వచ్చింది. 2023లో సమాఖ్య తీసుకున్న నిర్ణయం కాస్త ఊరట. లీగ్‌లోని ప్రతి క్లబ్ కనీసం పదిమంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షల రూపాయల కనీస ఒప్పందం ఇవ్వాలని అది నిబంధన పెట్టింది.

ఇక తెలుగు నేలకు వస్తే, కృష్ణా డెల్టాకు క్రీడల్లో పేరు తెచ్చినవారికి కొదవ లేదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి చదరంగంలో ప్రపంచ స్థాయికి చేరింది. బెజవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ విలువిద్యలో అంతర్జాతీయ పతకాలు తెచ్చింది. ఆ రెండూ వ్యక్తిగత క్రీడలు. పట్టుదలగల కుటుంబం, మంచి గురువు, చదరంగం బల్లో విల్లో ఉంటే ఇంటి దగ్గరే చాలా దూరం వెళ్లవచ్చు. హంపికి తొలి గురువు తండ్రే. డిఫెండర్‌ను మాత్రం ఏ తండ్రీ ఒక్కడే తయారుచేయలేడు. ఊళ్లో జట్టు, జిల్లాలో పోటీ, ఆపైన క్లబ్ అనే మెట్లు వరుసగా ఉండాలి. ఆంధ్రలో అలాంటి పునాది కాస్త కనిపించేది డెల్టాకు దూరంగా, అనంతపురంలో. గ్రామీణాభివృద్ధి ట్రస్టు అక్కడ నడిపే క్రీడా అకాడమీలో అమ్మాయిలూ ఫుట్‌బాల్ నేర్చుకుంటారు. స్పెయిన్ లీగ్ లా లిగా కూడా దానికి తోడ్పడింది.

పురుషుల ఫుట్‌బాల్‌లో హైదరాబాద్‌ది పెద్ద చరిత్రే. 1956 ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణానికి నడిపించిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఆ నగరం వాడే. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ వారసత్వంలో అమ్మాయిలకు వాటా చాలా ఆలస్యంగా దక్కింది. దాన్ని అందుకున్నది నిజామాబాద్ జిల్లా తండాలో 2001లో పుట్టిన గుగులోతు సౌమ్య. ఆమె ఆడేది వెనక వరసలో కాదు, ముందు వరసలో. అయినా క్లబ్బుల దారి ఆశాలతతో రెండుచోట్ల కలుస్తుంది. ముంబయి క్లబ్ కెంక్రే తర్వాత గోకులంలో చేరి 2022లో లీగ్ గెలిచింది. అదే ఏడాది మరో భారత క్రీడాకారిణి జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు వెళ్లింది. తిరిగి వచ్చి మళ్లీ గోకులం, ఆపైన 2024లో ఈస్ట్ బెంగాల్. ఆశాలత కూడా గోకులం నుంచి అక్కడికే మారింది.

2025 ఏప్రిల్‌లో కళ్యాణి మైదానంలో ఒడిశా ఎఫ్‌సీపై 1-0 గెలుపుతో ఈస్ట్ బెంగాల్‌కు తొలి లీగ్ టైటిల్ ఖాయమైంది. ఆ ఒక్క గోల్ సౌమ్యది. అది సరిపోయేలా చూసింది వెనక వరస. స్కోరుబోర్డు మీద మొదటిది మాత్రమే పేరుగా మిగులుతుంది, రెండోది సున్నాగా. 2025లో సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి అవార్డు సౌమ్యకు దక్కింది.

ఆ సీజన్‌లో ఎనిమిది జట్లు తలా 14 మ్యాచ్‌లు ఆడాయి. 2017తో పోలిస్తే అసలైన లీగ్ ఇదే. కోల్‌కతా, భువనేశ్వర్, బెంగళూరు, ఢిల్లీ, కేరళ, తమిళనాడు క్లబ్బులు అందులో ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల క్లబ్ ఒక్కటీ లేదు. బెజవాడ నుంచి ఈ లీగ్‌లో ఆడదలచిన అమ్మాయి బెంగళూరుకో భువనేశ్వర్‌కో రైలెక్కాల్సిందే.